వార్డులో అంటుకునే రెండో జబ్బు

తెనాలి: తుంటి ఎముక విరిగో, ఆయాసంతోనో ఆసుపత్రిలో చేరిన వృద్ధులకు అక్కడే మరో జబ్బు అంటుకోవడం కొత్త కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం మనవంటి దేశాలలో ఆసుపత్రిలో చేరిన ప్రతి 100 మందిలో 15 మందికి అక్కడే ఏదో ఒక ఇన్ఫెక్షన్ సోకుతున్నది. అలా సోకినవారిలో పదిమందికి ఒకరు మరణిస్తున్నారు.

ఈ బాక్టీరియా ఎక్కువగా చేతుల ద్వారా పాకుతుంది. ఒక రోగిని ముట్టిన చేయి కడగకుండా పక్క మంచానికి వెళితే సూక్ష్మజీవీ వెళుతుంది. మూత్రపు గొట్టం, సెలైన్ సూది, మంచాన పడినవారికి వీపున లేచే పుండ్లు దానికి దారులు. వయసుతో రోగనిరోధక శక్తి తగ్గుతుంది. చక్కెర జబ్బు తోడైతే చెప్పనక్కరలేదు.

రేపల్లె, బాపట్ల పల్లెల నుంచి జబ్బు ముదిరినవారిని తెనాలికి, అక్కడినుంచి గుంటూరు పెద్దాసుపత్రికి తరలిస్తుంటారు. మంచం మారిన ప్రతిసారీ కొత్త సూక్ష్మజీవుల బెడద తప్పదు. చీటీ లేకుండా యాంటీబయాటిక్ బిళ్లలు వాడే అలవాటు వల్ల వాటికి లొంగని బాక్టీరియా పెరుగుతున్నది. అప్పుడు వార్డులో ఇచ్చే మందూ పనిచేయకపోవచ్చు.

వృద్ధులకు ఇన్ఫెక్షన్ సోకినా జ్వరం రాకపోవచ్చు. ఉన్నట్టుండి తికమకగా మాట్లాడినా, అన్నం మానేసినా, మగతగా పడివున్నా వెంటనే నర్సుకు చెప్పాలి. చూడవచ్చిన బంధువులు రోగి మంచంపై కూర్చోరాదు. మూత్రపు గొట్టం ఇంకా అవసరమా అని డాక్టరును రోజూ అడగాలి.

1847లో వియన్నాలో డాక్టర్ సెమ్మెల్‌వైస్ బ్లీచింగ్ పౌడరు నీళ్లతో వైద్యుల చేతులు కడిగించి బాలింతల మరణాలు తగ్గించాడు. నేటికీ అంతకంటె చవకైన మందు లేదు. వార్డులో సబ్బు, పారే కుళాయి ఉన్నాయా అని అడిగే హక్కు రోగి బంధువులది.