సంగటిని బురద అన్న నోటికి సుషీ రుచి ఏం తెలుస్తుంది?

పోయిన వేసవి సెలవులకు బెంగళూరు నుంచి పావగడకు వచ్చిన మా ఇంటి ఎనిమిదేళ్ల పిల్లోడు పళ్లెంలో సంగటి ముద్దను చూసి "ఇదేంది, బురదా?" అన్నాడు. అందరం నవ్వినాం. అవ్వ కూడా నవ్వింది. కానీ మరుసటి రోజు నుంచి వాడికి వేరేగా తెల్లన్నం వండింది. ఆ పూట మేం నవ్వడం తప్పు. ఈ నాలుగు మాటలు ఆ తప్పు గురించే.

అదే పిల్లోడు పాస్తాలో మూడు రకాల పేర్లు చెప్తాడు. సుషీ ఎట్లా చుడతారో చెప్తాడు. నేర్పింది ఎవరు? మేమే. నెలకొకసారి ఇటాలియన్ అనీ, కొరియన్ అనీ ఏదో ఒక హోటలుకు తీసుకుపోయి, "పిల్లలకు ప్రపంచం తెలియాలి కదా" అని మురిసిపోయింది మేమే. బెంగళూరులో గానీ, చెన్నైలో గానీ, అమెరికాలో గానీ స్థిరపడిన మన ఇళ్లన్నింట్లో ఇప్పుడు ఇదే పాట. చదువుతున్న మీ ఇంట్లో కూడా అయ్యుండొచ్చు.

మాకు పరాయి తిండి మీద కోపం లేదు. "మనది కాని తిండి మనకెందుకు?" అనే పెద్దలతో మేం కలవం. వాళ్లను ఒకటే అడుగుతాం: మన పళ్లెంలో మనది ఏది? కొలంబస్ 1492లో అట్లాంటిక్ దాటక ముందు మన పొలాల్లో మిరపకాయ లేదు, టమోటా లేదు, చెనక్కాయ లేదు. అవన్నీ అమెరికా ఖండాల పంటలు. రాగి పుట్టింది తూర్పు ఆఫ్రికా మిట్టల్లో. వేల ఏళ్ల కిందట సముద్రం దాటి మన దగ్గరికి వచ్చింది. కొర్రలను చాలా కాలం కిందటే ఉత్తర చైనాలో సాగు చేసినారు. అంటే పావగడ పల్లెలో సంగటి, ఊరుబిండి ముందు పెట్టుకుని కూర్చున్న ముసలాయన పళ్లెంలో రెండు ఖండాలు కలిసినాయి. దీనికన్నా అంతర్జాతీయ భోజనం ఏ హోటల్లో దొరుకుతుంది?

మా తగువు హోటలుతో కాదు, అక్కడ మనం కూర్చునే తీరుతో. పిల్లలకు అనువైన హోటలు అని వెతుక్కుని పోతాం. అక్కడ కిడ్స్ మెనూ చేతికిస్తారు. అందులో ఏముంటాయి? ఆలుగడ్డ వేపుడు, కారం లేని నూడుల్స్, చీజు పోసిన పాస్తా. ఏ దేశం హోటలుకు పోయినా ఇంచుమించు అవే. పిల్లోడు బొమ్మ చూసి వేలు పెడతాడు, మనం ఫొటో తీస్తాం, బిల్లు కడతాం. వాడు నేర్చుకున్నది ఒకటే: ఖరీదైనది మంచిది, ఇంట్లో ఊరికే దొరికేది నాసి.

ఒకసారి అవ్వను కూడా ఒక థాయ్ హోటలుకు తీసుకుపోయినాం. కాల్చిన కోడి ముక్కల పక్కన చిన్న గిన్నెలో గోధుమరంగు పచ్చడి పెట్టినారు. అవ్వ వేలితో నాకి చూసి, పక్క బల్లలవాళ్లకు వినపడేట్టు, "మన ఊరుబిండే గదరా! కొబ్బరిపాలు పోసినారు, బెల్లం ఎక్కువ పడింది" అన్నది. మేం సిగ్గుపడి "మెల్లగా అవ్వా" అన్నాం. ఆ బల్ల దగ్గర నిజంగా థాయ్ తిండిని రుచి చూసింది అవ్వ ఒక్కతే. ఆమె నాలుకకు పోల్చుకోవడానికి ఒక సొంత రుచి ఉంది. మా పిల్లలకు మేం అది ఇవ్వలేదు.

ఇది ఒట్టి రుచి మాటే అయితే ఇంత రాయం. మన పావగడ తాలూకాను చాలావరకు ఆంధ్ర నేల చుట్టుకుని ఉంది. మాకు బడి కన్నడం, ఇల్లు తెలుగు. బెంగళూరు చేరిన పిల్లలకు బడి ఇంగ్లీషు, వీధి కన్నడం అయినాక, తెలుగు చివరికి వంటింట్లో మిగిలింది. ఊరుబిండి, ఉగ్గాని, పితికిపప్పు, తెడ్డు... ఆ వంట ఆగిపోతే ఆ మాటలు కూడా పోతాయి. ఇక్కడ తిరుమణి చుట్టుపక్కల దాదాపు 13,000 ఎకరాలు సోలార్ పార్కు కిందికి పోయినాయి. కరువు సీమకు కౌలు డబ్బు వచ్చింది, కాదనం. కానీ చేను చూసే భాగ్యం తగ్గిన పిల్లలకు కనీసం పళ్లెమైనా చూపించాలి కదా.

ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం అన్నాక, అదే రాగిని కుకీలు చేసి పట్నం అంగళ్లలో అమ్ముతున్నారు. అవి కొనడానికి మనకు సిగ్గు లేదు. అవ్వ ముద్ద తినడానికే సిగ్గు.

అందుకని మా ఇంట్లో ఇప్పుడు మూడు కట్టుబాట్లు పెట్టుకున్నాం. హోటలుకు పోతే కిడ్స్ మెనూ ముట్టం; పెద్దలు తినేదే పిల్లలకు కొంచెం కొంచెం. తినే ముందు "ఇది ఏ గింజ? మనింట్లో దీనికి చుట్టం ఏది?" అని అడుగుతాం. ఇథియోపియావాళ్ల ఇంజెరా పులిసిన పిండితో పోసిందని తెలిస్తే, పిల్లోడు తనంతట తానే "మన దోసెకు అక్క" అంటాడు. మూడోది, ఊరికి పోయినప్పుడు పొయ్యి దగ్గర తెడ్డు పిల్లల చేతికే. ఉండ కట్టకుండా సంగటి కెలకడం ఎంత కష్టమో చేతికి తెలిస్తే, నోరు బురద అనదు.

పోయిన సంక్రాంతికి వాడే కెలికినాడు. ఉండలు కట్టింది. అవ్వ ఆ ముద్దే తిన్నది, వాడూ తిన్నాడు. ఆ రోజు తెల్లన్నం వండలేదు.