బండి ఉన్నవాడిదేనా రేసు?

హైదరాబాదు కార్టింగ్ మిత్రులారా,

వచ్చే సీజను నుంచి సొంత కార్టు ఉన్నవాళ్లకే క్లబ్బు రేసుల్లో చోటని పోయిన ఆదివారం మన కమిటీ తీర్మానించేసింది. ప్రమాణాలు పెంచడానికట! నిరుడు అద్దె బండ్లతో ముందువరసలో నిలిచిన కుర్రాళ్లు ఇక కంచె అవతల నిలబడి చప్పట్లు కొట్టాలన్నమాట.

1956లో కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ మొదటి కార్టుకు బిగించింది గడ్డికోత మిషన్ల కోసం చేసిన ఇంజను. చవక కాబట్టే ఈ ఆట లోకమంతా పాకింది. దాన్ని మళ్లీ డబ్బున్నవాళ్ల పెరట్లో కట్టేస్తారా?

బండి కొనడం ఖర్చులో మొదటి మెట్టే. టూస్ట్రోకు 125 సీసీ ఇంజనును నడిచిన గంటల లెక్కన విప్పి పిస్టను మార్చాలి. కొత్త టైరుకు మొదటి కొన్ని ల్యాపుల్లో ఉండే పట్టు తర్వాత ఉండదు. ప్రతి రేసుకూ కొత్త సెట్టు వేయగలిగినవాడు గ్రిడ్డు మీదికి రాకముందే సగం గెలిచాడు. కార్టుకు సస్పెన్షన్ లేదు, డిఫరెన్షియల్ లేదు. మలుపులో ఫ్రేము వంగి లోపలివైపు వెనక చక్రం కాస్త లేస్తేనే బండి తిరుగుతుంది. అందుకని ట్రాకును బట్టి, ఎండను బట్టి యాక్సిలు, స్ప్రాకెట్టు, కార్బొరేటరు జెట్టు మారుస్తారు. అవన్నీ పెట్టె నిండా తెచ్చుకున్నవాడికి సెకనులో పదోవంతు మిగులుతుంది. మన రేసుల్లో గెలుపోటములు తేలేది ఆ పదోవంతులోనే. దానికి ట్రోఫీ ఇచ్చి డ్రైవింగు అంటున్నాం! ఇక బండిని మోయడానికి టాటా ఏస్, దాచడానికి చోటు. అపార్టుమెంటు సెల్లారులో స్కూటరు పెట్టుకోవడానికే గొడవలైన ఊరు మనది.

గల్లీ క్రికెట్లో బ్యాటు ఎవడిదో వాడే ముందు ఆడతాడు. కమిటీ పెద్దలు ఆ వయసు దాటలేదు. తీర్మానానికి చేతులెత్తినవాళ్లలో సొంత బండి లేనివాడు ఒక్కడున్నాడా?

అద్దె బండ్లన్నీ ఒకేలా ఉండవంటారు. ఉండవు. అందుకే చీటీలు తీయండి, హీటు హీటుకీ బండి మార్చండి, పాయింట్లు కూడండి. బక్కవాడి సీటుకు సీసపు దిమ్మెలు బిగించి బరువు సమం చేయండి. ఫ్రెంచి కంపెనీ సోడీ అద్దె బండ్ల మీదే ప్రపంచమంతటా సిరీస్ నడుపుతోంది. మనకు మాత్రం నామోషీ! అద్దె బండితో సెట్టింగులు రావంటారా? మెకానిక్కును వెంట తెచ్చుకునే దొరకు ఏం వస్తున్నాయట?

సొంత బండ్ల వాళ్లు విడిగా ఓ తరగతి పెట్టుకుని ఆడుకోవచ్చు, అభ్యంతరం లేదు. క్లబ్బు చాంపియన్‌షిప్ మాత్రం అద్దె బండ్ల మీదే జరగాలి. ట్రాకువాళ్లతో మాట్లాడి సీజను మొత్తానికి ఫోర్‌స్ట్రోకు కార్టులు గంపగుత్తగా తీసుకోవాలి. ఆ పని సభ్యత్వ రుసుముతో జరగాలి. ఇన్నాళ్లూ అది వార్షికోత్సవ విందులకే పోయింది.

తీర్మానం వెనక్కి తీసుకునేదాకా వచ్చే సీజను రుసుము ఎవరూ కట్టొద్దు. సర్వసభ్య సమావేశం కోరుతూ రాసిన కాగితం ట్రాకు గేటు దగ్గర టీకొట్టులో ఉంది. సంతకం చేసి వెళ్లండి.