ఆమె వదులుకున్నదేమిటి?

లూసియా హారిస్ గురించి రాసేవాళ్ళలో చాలామంది ఒక వాక్యం దగ్గర ఆగి నిట్టూరుస్తారు. పురుషుల ఎన్.బి.ఏ. జట్టు పిలిచిన రోజుల్లోనే ఆమె గర్భవతి, అందుకే ఆ అవకాశం వదులుకుంది అని. ఇందులో జాలి ఉంది. ఆ జాలి వెనక అసలు దోషి హాయిగా తప్పించుకుంటున్నాడు.

1955లో మిసిసిపీలో, పొలం మీద బతికే నల్లజాతి కుటుంబంలో పుట్టింది లూసియా. పదకొండుమంది పిల్లల్లో పదోది. పత్తి ఏరిన చేతులతోనే బంతి పట్టింది. డెల్టా స్టేట్ కాలేజీ జట్టులో ఏకైక నల్లజాతి అమ్మాయి. ఆ జట్టు 1975, 76, 77లలో వరసగా జాతీయ చాంపియన్. 115 ఆటల్లో ఆమె చేసిన పాయింట్లు 2,981. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మహిళల బాస్కెట్‌బాల్ మొదటిసారి ప్రవేశిస్తే, తొలి బాస్కెట్ వేసింది ఆమే.

1977లో న్యూ ఓర్లీన్స్ జాజ్ జట్టు ఏడో రౌండులో ఆమె పేరు ఎంచుకుంది. ఆమె వెళ్ళలేదు. ఇంతవరకూ అందరికీ తెలుసు. ఆ రోజున అమెరికాలో స్త్రీలకంటూ ఒక్క ప్రొఫెషనల్ లీగ్ కూడా లేదన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు! మగవాళ్ళ జట్టులో చివరి కుర్చీ, లేదా ఇల్లు. దీన్ని అవకాశం అంటారా? 1978లో మొదలైన మహిళల లీగ్ 1981కల్లా మూతపడింది. అందులో ఆమె హ్యూస్టన్ తరఫున ఆడింది ఒకే ఒక్క సీజన్. డబ్ల్యూ.ఎన్.బి.ఏ. ఆటలు మొదలయ్యేసరికి 1997. ఆమెకు 42 ఏళ్ళు. ఆ మధ్యకాలంలో తను చదివిన హైస్కూల్లోనే పాఠాలు చెప్పింది, ఆట నేర్పింది, బైపోలార్ జబ్బుతో పోరాడింది, నలుగురు పిల్లల్ని పెంచింది.

ఇది ఒక్క లూసియా కథ కాదు. ఆమె కోచ్ మార్గరెట్ వేడ్ 1930ల మొదట్లో అదే కాలేజీలో ఆడేది. ఆడపిల్లలు అంత శ్రమ తట్టుకోలేరని యాజమాన్యం జట్టునే రద్దు చేస్తే, ఆ అమ్మాయిలు తమ యూనిఫారాలు తగలబెట్టారు. మళ్ళీ జట్టు వచ్చింది 1973లో, చదువుల్లో లింగవివక్షను నిషేధించిన 1972 చట్టం తర్వాతే. నలభై ఏళ్ళపాటు అక్కడ ఆడగలిగిన అమ్మాయిలందరూ ఏ గర్భం వల్ల ఆగిపోయారు?

ఎన్.బి.ఏ.కి వెళ్ళనందుకు తనకు విచారం లేదని ‘ది క్వీన్ ఆఫ్ బాస్కెట్‌బాల్’ డాక్యుమెంటరీలో లూసియానే చెప్పింది. 2022 జనవరిలో ఆమె చనిపోయింది. మార్చిలో ఆ చిత్రానికి ఆస్కార్ వచ్చింది. అయినా ఆమె పడని విచారాన్ని ఆమె తరఫున మనం పడుతూనే ఉన్నాం. మగవాళ్ళ మైదానంలోకి పిలుపు రావడమే ఆడదాని ప్రతిభకు అత్యున్నత పురస్కారమని మనమూ నమ్ముతున్నాం కనక.

మన రచయిత్రుల పరిచయాల్లోనూ ఇదే వాక్యం కనిపిస్తుంది: ‘పెళ్ళయ్యాక రాయడం మానేసింది.’ మానేసిందా? మాన్పించారా? అచ్చువేసే చోటు, రాసుకునే గది, తీరిక ఎవరిచ్చారు? స్త్రీల చరిత్ర రాసే మనమైనా ‘వదులుకుంది’ అన్న క్రియ వాడేముందు, ఆమెకసలు ఇచ్చిందేమిటో లెక్క తీసి రాయాలి.