పద్దెనిమిదేళ్ళు దాటితే ఇంటికే పరిమితమా?

నెల్లూరు: బుద్ధిమాంద్యం గల పిల్లలకు 18 ఏళ్ళు నిండేవరకు బడో, భవిత కేంద్రమో కొంత ఆసరాగా వుంటున్నది. ఆ తరువాత పగలంతా వారెక్కడ గడపాలన్నదే తీరగ్రామాలలోని తల్లిదండ్రులను వేధిస్తున్న ప్రశ్న.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉచిత విద్యకు పెట్టిన హద్దు 18 ఏళ్ళే. మైపాడు, జువ్వలదిన్నె వంటి పల్లెలలో మగవారు వేటకు, ఆడవారు చేపల అమ్మకానికి పోక తప్పదు. ఎదిగిన బిడ్డకు కాపలాగా ఒకరు ఇంట వుండిపోతే ఆ మేరకు రాబడి పోయినట్లే. 2024 జూలైలో వికలాంగుల పింఛను 3 వేల నుంచి 6 వేల రూపాయలకు పెరగడం ఊరటే. అయితే పింఛను సొమ్ము బిడ్డకు తోడుండదు, పని నేర్పదు.

1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం కింద, పదేళ్ళు పైబడినవారికి కూడా పగటి సంరక్షణ కేంద్రాలు నడిపే పథకం వున్నది. వాటిని స్వచ్ఛంద సంస్థలు ముందుకువచ్చి నడపాలి. సికింద్రాబాదులోని జాతీయ సంస్థకు అనుబంధంగా ప్రాంతీయ కేంద్రం వున్నా, అది నెల్లూరులో వున్నది. దిగవలసిన చోటు గుర్తించలేని యువతిని ఒంటరిగా బస్సులోనో, తెలియని ఆటోలోనో రోజూ పంపడానికి ఏ తల్లీ సాహసించదు.

కనుక కేంద్రం, వాహనం వేరువేరు కోర్కెలు కావు. మండలానికొక కేంద్రం, తెలిసిన డ్రైవరు, బండిలో ఒక ఆయా, ఇంటివద్ద అప్పగించి సంతకం తీసుకొనే పద్ధతి కలిసి వుండాలి. తీర పంచాయతీలు 18 ఏళ్ళు దాటినవారి జాబితాను తీర్మానంతో సహా కలెక్టరుకు అందజేయడం తొలిమెట్టు. ఏ వూళ్ళో ఎందరున్నారో తేలితేనే బండి ఏ దారిన తిరగాలో తేలుతుంది.