ఇంటర్న్‌షిప్ కొనుక్కునే చదువులు

బీటెక్ మూడో ఏడాది పరీక్షలు ముగిసే సమయానికి దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి సందుల్లోని ప్రాజెక్టు సెంటర్లకు గిరాకీ మొదలవుతుంది. ఇబ్రహీంపట్నం, ఘట్‌కేసర్, హయత్‌నగర్ వైపున్న కళాశాలల విద్యార్థులు నలుగురైదుగురు ఒక బ్యాచ్‌గా వస్తారు. వారికి కావలసినవి రెండు: ఒక ప్రాజెక్టు, ఒక ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్. టైటిళ్ల జాబితా టేబుల్ మీదే ఉంటుంది. ఒకటి ఎంచుకుంటే కోడ్, డాక్యుమెంటేషన్, పీపీటీ, వైవాలో అడగబోయే ప్రశ్నలకు జవాబులు అన్నీ కలిపి ఒక రేటు. ఇంకొన్ని వేలు జత చేస్తే, ఎనిమిది వారాలు ఫలానా సంస్థలో శిక్షణ పొందినట్టు లెటర్‌హెడ్ మీద సంతకం, స్టాంపు. ఆ ఎనిమిది వారాల్లో విద్యార్థి ఏ ఆఫీసు గడపా తొక్కి ఉండడు. ఏడాది తిరిగాక అదే విద్యార్థి ఇంటర్వ్యూలో కూర్చుంటే, ఈ ప్రాజెక్టులో నువ్వు రాసింది ఏ భాగం అన్న మొదటి ప్రశ్నకే గొంతు ఆరిపోతుంది.

తప్పు పిల్లలదేనని తేల్చేయడం తేలిక. నేను అలా అనుకోవడం లేదు. ఇంటర్న్‌షిప్ చేసి తీరాలని ఏఐసీటీఈ 2018 నాటి నమూనా పాఠ్య ప్రణాళికలోనే చెప్పింది. డిగ్రీ మొత్తం మీద 14 నుంచి 20 క్రెడిట్లు, 600 నుంచి 700 గంటలు పరిశ్రమలో గడపాలన్నది దాని ఉద్దేశం. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 నిబంధనల్లో కూడా పరిశ్రమతో ముడిపడిన మినీ ప్రాజెక్టు లేదా ఇంటర్న్‌షిప్‌కు చోటుంది. ఉద్దేశం మంచిదే. కానీ తెలంగాణలో ఇంజినీరింగ్ సీట్లు లక్ష దాటాయి. అంతమంది విద్యార్థులను ఏ కంపెనీలో కూర్చోబెట్టాలి, పక్కన కూర్చుని పని నేర్పేదెవరు అన్న లెక్క ఎవరూ వేయలేదు. కళాశాల నోటీసు బోర్డులో తేదీ పెట్టి చేతులు దులుపుకుంది. కంపెనీని వెతుక్కునే బాధ్యత నల్లగొండ నుంచో సూర్యాపేట నుంచో వచ్చి హాస్టల్లో ఉంటున్న ఇరవై ఏళ్ల పిల్లవాడి నెత్తిన పడింది. వాళ్ల నాన్నకు హైదరాబాద్‌లో తెలిసిన మేనేజరు ఉండడు. తెలిసిన దారల్లా ప్రాజెక్టు సెంటరే.

ఐఐటీ విద్యార్థికి ఇంటర్న్‌షిప్ అంటే నెలకు అందే స్టైపెండ్. ఒక మోస్తరు ప్రైవేటు విశ్వవిద్యాలయం విద్యార్థికి అది ఇంకో ఫీజు. ఈ తేడా దగ్గరే నేను ఆగిపోతున్నాను. పని నేర్పే చోటు చూపించడం విద్యాసంస్థ బాధ్యత అని ఒప్పుకొంటే మిగతా చర్చ అంతా దాని చుట్టూనే తిరగాలి.

ఇన్నాళ్లూ ఈ లోపం బయటపడకపోవడానికి కారణం ఐటీ సర్వీసు కంపెనీల మూకుమ్మడి నియామకాలు. నాలుగేళ్లు ఏం చదివావన్నది వాటికి పెద్దగా పట్టేది కాదు. పదో తరగతి, ఇంటర్, బీటెక్‌లలో 60 శాతం, బ్యాక్‌లాగ్‌లు లేకపోవడం, ఆప్టిట్యూడ్ పరీక్షలో గట్టెక్కడం చాలు. మిగిలింది మైసూరులోనో చెన్నైలోనో వాళ్లే నేర్పుకొనేవారు. 2021-22లో దేశ ఐటీ రంగం నికరంగా సుమారు నాలుగున్నర లక్షల మందిని చేర్చుకుంది. టీసీఎస్ ఒక్కటే ఆ ఏడాది లక్ష మంది ఫ్రెషర్లను తీసుకుంది. సాగర్ రోడ్డు మీదా వరంగల్ రహదారి మీదా ఉన్న కళాశాలల గోడల మీద పిల్లల ఫొటోలతో పెద్ద పెద్ద ఫ్లెక్సీలు వెలిసిన రోజులవి. కళాశాలలన్నీ మెకానికల్, సివిల్ సీట్లు తగ్గించుకుని కంప్యూటర్ సైన్స్, దాని అనుబంధ బ్రాంచీలు పెంచుకున్నదీ ఆ ఊపులోనే. ఇప్పుడు రాష్ట్రంలో పదింట ఏడు సీట్లు వాటివే.

రెండేళ్లు తిరక్కుండానే గాలి మారింది. 2023-24లో టీసీఎస్ ఉద్యోగుల సంఖ్య 13,249, ఇన్ఫోసిస్‌లో 25,994, విప్రోలో 24,516 తగ్గింది. మూడు కంపెనీల్లోనే దాదాపు 64 వేల కుర్చీలు. ఆ ఏడాది రంగం మొత్తం మీద నికరంగా చేరింది 60 వేల మంది. 2022లో ఆఫర్ లెటర్ అందుకున్న సుమారు రెండు వేల మంది ఇన్ఫోసిస్ పిలుపు కోసం రెండేళ్లకు పైగా ఎదురుచూశారు. 2024 సెప్టెంబరులో గానీ వారికి చేరే తేదీ రాలేదు. అలా చేరినవారు సహా ట్రైనీల్లో మూడు వందల మందికి పైగా 2025 ఫిబ్రవరిలో మైసూరు నుంచి ఇంటిముఖం పట్టారు. మూడు అవకాశాలిచ్చినా అంతర్గత పరీక్ష నెగ్గలేదన్నది కంపెనీ వివరణ. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో రెండు శాతం, అంటే 12 వేల పైచిలుకు మందిని తగ్గిస్తానని ప్రకటించింది. ఫ్రెషర్‌తో చేయించే చిన్న చిన్న కోడింగ్, టెస్టింగ్ పనులు ఏఐ పరికరాలు అందుకుంటున్న కాలమిది. మళ్లీ నియామకాలు పెరిగినా పాత పద్ధతిలో బస్సులకు బస్సులు నింపుకెళ్లే రోజులు వస్తాయని నేను నమ్మను.

జీతాల సంగతి మరీ బాధాకరం. టీసీఎస్‌లో ప్రవేశ స్థాయి ప్యాకేజీ ఏడాదికి 3.36 లక్షలు, ఇన్ఫోసిస్‌లో 3.6 లక్షలు. పదేళ్ల కిందట చేరిన అన్నయ్యకూ దాదాపు ఇంతే ఇచ్చారు. ఈ మధ్యలో హాస్టల్ అద్దె, బస్ పాస్, కళాశాల ఫీజు ఎంత పెరిగాయో ప్రతి ఇంటికీ తెలుసు. 2018 చట్టం ప్రకారం 2020లో తెలంగాణలో ఐదు ప్రైవేటు విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి, తర్వాత మరికొన్ని వచ్చాయి. వాటిలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. కంప్యూటర్ సైన్స్‌కు ఏటా రెండు మూడు లక్షలు కట్టి, నాలుగేళ్ల తర్వాత ఏడాదికి మూడున్నర లక్షల ఉద్యోగం కోసం లైన్లో నిలబడటం చాలా కుటుంబాలకు తలకు మించిన బరువు. ఆ ఉద్యోగమూ గాలిలో దీపమైతే ఎకరం అమ్మిన తండ్రికి ఏం చెబుతాం?

ఇక్కడే దిల్‌సుఖ్‌నగర్ రెండో అంకం మొదలవుతుంది. పట్టా చేతికొచ్చాక హాస్టల్ ఖాళీ చేయరు. ఊరికి తిరిగి వెళితే ఉద్యోగం వచ్చిందా అని అడుగుతారు. కొందరు గ్రూప్స్, ఎస్సై, బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చేరతారు. కొందరు మెట్రో ఎక్కి అమీర్‌పేట వెళ్లి జావా, డేటా సైన్స్ కోర్సు మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటారు. కొందరు అమెరికా కన్సల్టెన్సీల బోర్డుల వైపు చూస్తారు. డబ్బు కడితే బ్యాక్‌డోర్‌లో పెట్టిస్తామనేవాళ్ల వలలో పడేవారూ ఉన్నారు. ట్రైనింగ్, ప్లేస్‌మెంట్ అని లక్షలు వసూలు చేసి నెలల్లో బోర్డు తిప్పేసిన కంపెనీల వార్తలు ఈ నగరానికి కొత్త కాదు. అన్నిటికన్నా ప్రమాదకరమైనది రెండు మూడేళ్ల ఫేక్ ఎక్స్‌పీరియెన్స్. ఒకప్పుడు పే స్లిప్పులు ముద్రించి నెట్టుకొచ్చారేమో గానీ, పీఎఫ్ ఖాతా యూఏఎన్‌లో ఏ సంస్థలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో అంతా కనిపిస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే ఆ ఉద్యోగం పోవడమే కాదు, ఆ పేరు మీద మచ్చ మిగిలిపోతుంది. మూడో ఏడాదిలో చేయని పనికి సర్టిఫికెట్ తెచ్చుకోవడం మామూలేనని కళాశాలే ఒప్పుకున్నాక, ఐదో ఏడాదిలో చేయని ఉద్యోగానికి అనుభవ పత్రం తెచ్చుకోవడం తప్పని ఆ కుర్రాడికి ఎవరు చెప్పగలరు?

ఇప్పుడు ఎల్బీనగర్ చౌరస్తాలో నిలబడి చూడండి. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట-ఎల్బీనగర్ మెట్రో మార్గం తెరుచుకున్నప్పటి నుంచి ఈ ప్రాంతపు యువత చూపంతా పడమర వైపే. అమీర్‌పేటలో రైలు మారి రాయదుర్గం చేరడానికి దాదాపు గంట. కానీ అదే చౌరస్తా నుంచి కర్మన్‌ఘాట్ మీదుగా కొద్ది కిలోమీటర్లు వెళితే కంచన్‌బాగ్. అక్కడ భారత్ డైనమిక్స్ ఉంది, మిధాని ఉంది, డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్ ఉన్నాయి. క్షిపణులు తయారయ్యే చోటు, వాటికి కావలసిన ప్రత్యేక లోహాలు కరిగించే చోటు. సాగర్ రోడ్డు పట్టుకుంటే ఆదిభట్ల. అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజ్‌లేజ్‌లు టాటా-బోయింగ్ ఏరోస్పేస్‌లో, సీ-130జే విమానాల తోక భాగాలు టాటా-లాక్‌హీడ్ మార్టిన్‌లో అక్కడే తయారవుతున్నాయి. రఫేల్ యుద్ధవిమానాల ఫ్యూజ్‌లేజ్‌లను హైదరాబాద్‌లో తయారు చేయడానికి దసో, టాటా సంస్థలు 2025 జూన్‌లో ఒప్పందం చేసుకున్నాయి. భారత్ డైనమిక్స్ యూనిట్ ఒకటి ఇబ్రహీంపట్నంలోనే ఉంది. ఈ పెద్ద సంస్థలకు విడిభాగాలు చేసిచ్చే చిన్న యూనిట్లు ఆ చుట్టుపక్కల ఉన్నాయి. వాటికి సీఎన్‌సీ ప్రోగ్రాం రాసేవాడు కావాలి, డ్రాయింగు చదివేవాడు కావాలి, నాణ్యత తనిఖీ చేసేవాడు కావాలి.

అదే ఇబ్రహీంపట్నం మండలంలో, అదే రోడ్డు మీద ఉన్న కళాశాలల పిల్లలు రోజూ కాలేజీ బస్సులో ఆ గేట్ల ముందు నుంచే వెళ్తారు. వారిలో ఎంతమంది ఒక్కసారైనా ఆ గేటు దాటి లోపలికి వెళ్లి ఉంటారు? డిమాండు లేదని మెకానికల్ సీట్లు తగ్గించేసిన యాజమాన్యాలు ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి. రక్షణ సంస్థల్లో ప్రవేశానికి భద్రతా నిబంధనలుంటాయి, నిజమే. అందరినీ తీసుకోలేరు, అదీ నిజమే. అయినా అప్రెంటిస్ చట్టం 1961 నుంచి ఉంది. ముప్పై మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థ తన సిబ్బందిలో రెండున్నర నుంచి పదిహేను శాతం వరకు అప్రెంటిస్‌లను పెట్టుకోవాలని ఆ చట్టం కింద నిబంధన ఉంది. గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌కు నెలకు కనీసం తొమ్మిది వేల స్టైపెండ్ అని 2019లో నిర్ణయించారు. అందులో సగం కేంద్రం భరిస్తుంది. స్టైపెండ్ పెంచాలని 2025లో సిఫారసు కూడా వచ్చింది. తొమ్మిది వేలు ఈ నగరంలో హాస్టల్‌కూ ఛార్జీలకూ సరిపోతే గొప్ప. కానీ ఏడాది పాటు నిజమైన యంత్రం ముందు నిలబడిన అనుభవం ప్రాజెక్టు సెంటర్‌లో దొరకదు.

తూర్పున ఐటీని విస్తరించాలని గత ప్రభుత్వం 2020లో గ్రిడ్ విధానం తెచ్చింది. ఉప్పల్, పోచారం వైపు కొన్ని కంపెనీలు ఉన్నాయి, ఆదిభట్లలో టీసీఎస్ ఉంది. ప్రస్తుత ప్రభుత్వం యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీ చట్టం చేసి, 2024 ఆగస్టులో కందుకూరు మండలంలో శంకుస్థాపన చేసింది. వీటిని స్వాగతించాలి. అయితే ఇప్పటికే ఉన్న కళాశాలల్లో చదువుతున్న వేలమందిని వదిలేసి కొత్త ప్రాంగణం కడితే మేలు కొద్దిమందికే.

కేంద్రం 2024 అక్టోబరులో మొదలుపెట్టిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం కూడా ఒక పాఠం చెప్పింది. ఐదేళ్లలో కోటి మందికి 500 అగ్రశ్రేణి కంపెనీల్లో ఏడాది పాటు శిక్షణ, నెలకు ఐదు వేలు అన్నారు. తొలి విడతలో 82 వేలకు పైగా ఆఫర్లు వెళ్తే చేరినవారు సుమారు 8,700 మంది. ఊరికి దూరం, డబ్బు తక్కువ, కోరుకున్న పని కాదు. ఐదు వేలతో వేరే నగరంలో నెల గడవదని లెక్క తెలిసిన ఏ తల్లిదండ్రులైనా చెబుతారు. దానికన్నా చదువుకునే చోటికి దగ్గర్లో, చదువులో భాగంగా, హాస్టల్ మారే అవసరం లేకుండా చూపించే పనే నిలబడుతుందని నా అభిప్రాయం. ఎనిమిదో సెమిస్టర్‌లో ఎటూ తరగతులు నామమాత్రమే. ఆ ఆరు నెలలు ఆదిభట్లకో ఉప్పల్‌కో పంపడానికి కళాశాల బస్సే చాలు.

ఇక ప్లేస్‌మెంట్ లెక్కల సంగతి. ఒకే విద్యార్థికి మూడు ఆఫర్లు వస్తే మూడు ఉద్యోగాలుగా రాసుకోవడం, ఆఫర్ లెటర్‌నే నియామకంగా చూపడం, ఎవరో ఒకరికి వచ్చిన నలభై లక్షల ప్యాకేజీని ముఖద్వారం మీద వేలాడదీయడం అలవాటైపోయింది. ఏప్రిల్, మే నెలల్లో కళాశాల చూడటానికి వచ్చే తల్లిదండ్రులు ఆ ఒక్క అంకెనే చూసి వెళ్తారు. వారికి ఒక మాట చెప్పాలి. ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్‌కు దరఖాస్తు చేసే ప్రతి సంస్థా ఒక పట్టిక ఇవ్వాలి, దాన్ని తమ వెబ్‌సైట్‌లోనూ ఉంచాలి. మొదటి ఏడాది ఎంతమంది చేరారు, గడువులోపు ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, వారి మధ్యస్థ జీతం ఎంత, పై చదువులకు ఎంతమంది వెళ్లారు, ఇవన్నీ అందులో ఒకే వరుసలో ఉంటాయి. మధ్యస్థ జీతం అంటే ఉద్యోగం వచ్చినవారిని జీతాల వరుసలో నిలబెడితే సరిగ్గా నడిమధ్య ఉన్న విద్యార్థి జీతం. మీ అబ్బాయికో అమ్మాయికో రాబోయేదానికి ఆ అంకే దగ్గరగా ఉంటుంది. చేరినవారి సంఖ్య పక్కన ఉద్యోగాల సంఖ్య పెట్టి చూస్తే ఫ్లెక్సీలో లేనిది కనిపిస్తుంది. ఆ పట్టిక కూడా సంస్థలు తమకు తాముగా ఇచ్చేదే కాబట్టి కళ్లు మూసుకుని నమ్మాలని నేననను. అడిగే హక్కు మాత్రం వాడుకోవాలి.

ప్రభుత్వం చేయగలిగింది కష్టమైనదేమీ కాదు. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకునే పేజీలోనే ప్రతి కళాశాల, ప్రతి బ్రాంచి పేరు పక్కన గత మూడేళ్లలో చేరినవారు, పాసైనవారు, పీఎఫ్ ఖాతా తెరుచుకున్నట్టు రుజువున్న ఉద్యోగాలు, మధ్యస్థ జీతం చూపించాలి. సొంతంగా ప్రవేశాలు జరుపుకునే ప్రైవేటు విశ్వవిద్యాలయాలకూ ఇదే నియమం ఉండాలి. స్టైపెండ్ బ్యాంకు ఖాతాలో పడినట్టు ఆధారమో, కంపెనీ సూపర్‌వైజరు వారం వారం సంతకం చేసిన లాగ్ పుస్తకమో లేని ఇంటర్న్‌షిప్‌కు విశ్వవిద్యాలయం క్రెడిట్లు ఇవ్వకూడదు. విద్యార్థి నుంచి ఫీజు తీసుకున్న సంస్థ సర్టిఫికెట్‌ను అసలే అంగీకరించకూడదు. అలా కచ్చితంగా ఉంటే మొదటి ఏడాది చాలా కళాశాలల దగ్గర చూపించడానికి చోట్లు ఉండవు. అప్పుడు సీట్లు పెంచమని దరఖాస్తు పెట్టుకునే ముందు ప్రతి యాజమాన్యం తన ప్లేస్‌మెంట్ అధికారిని కంచన్‌బాగ్‌కూ ఆదిభట్లకూ పంపుతుంది. ఎన్ని ఇంటర్న్‌షిప్ చోట్లు ఖాయం చేసుకుందో, అంతకు మించి ఏ కళాశాలకూ కొత్త సీటు ఒక్కటి కూడా మంజూరు చేయకూడదు.