ఫైబర్ రాని ఊళ్లో ఏ నెట్ మేలు?

విళాత్తికుళం: ఫోనులో గీతలు నిండుగానే ఉంటాయి. వేగం కొలిస్తే 40 ఎంబీపీఎస్ అని చూపిస్తుంది. అయినా సాయంత్రం ఆఫీసు మీటింగులో మాట తెగిపోతుంది. ఆటలో గురిపెట్టి నొక్కేలోపే అవతలివాడు కాల్చేసి వెళ్లిపోతాడు. ‘‘ఇంత స్పీడు ఉందంటివి, మరి ఇదేందిరా?’’ అని ఇంట్లో పెద్దలు అడిగితే పిల్లల దగ్గర జవాబుండదు. తూత్తుకుడి జిల్లా విళాత్తికుళం, ఎట్టయపురం మొదలుకుని కోవిల్పట్టి, విరుదునగర్ చుట్టుపక్కల దాకా గుమ్మం ముందుకు ఫైబర్ తీగ రాని ఇళ్లలో ఈ మాట కొత్తేమీ కాదు.

వినడానికి చిన్న విషయమే. దీని మీద ఆధారపడ్డది మాత్రం ఉద్యోగం. వాననే నమ్ముకున్న నల్లరేగడి సాగు, అగ్గిపెట్టెల పని, సర్కారు తుమ్మ బొగ్గు.. ఇక్కడి బతుకుతెరువులు ఎక్కువగా ఇవే. కోవిల్పట్టిలో నేషనల్ ఇంజినీరింగ్ కాలేజీ 1984 నుంచి ఉంది. అయినా చదువు ముగించినవాళ్లు చెన్నైకో, బెంగళూరుకో బస్సెక్కాల్సి వస్తోంది. తెలుగువాళ్లు ఈ కరిసల్ సీమకు వలస వచ్చిన కథను ఇడైసేవల్‌లో పుట్టిన కి.రాజనారాయణన్ తమిళంలో నవలగా రాశారు. ఆ వచ్చినవాళ్ల వారసులది ఇప్పుడు రెండో వలస.

ఈ వలస ఆగే దారి 2020లో కాస్త కనిపించింది. కరోనా ఏడాది అది. ఆ నవంబరులో కేంద్ర టెలికాం శాఖ కాల్ సెంటర్లు, బీపీఓ సంస్థలు ఇంటి నుంచి పని చేయించుకోవడానికి అడ్డుగా ఉన్న నిబంధనలు సడలించింది. 2021 జూన్‌లో ఇంకొంత సడలించింది. పక్కనున్న తెన్‌కాశి జిల్లా మత్తలంపారై గ్రామంలో జోహో సంస్థ 2011 నుంచే ఆఫీసు నడుపుతోంది. అంటే పని పల్లెకు రాగలదు. నెట్ నిలబడాలి, అంతే. వారంలో నాలుగు మీటింగులు తెగిపోతే మేనేజరు ‘‘బెంగళూరు వచ్చెయ్’’ అంటాడు.

పంచాయతీ దాకా వచ్చి..

పల్లెలకు ఫైబర్ వేసే పథకానికి కేంద్రం 2011 అక్టోబరులో ఆమోదం తెలిపింది. అదే తర్వాత భారత్‌నెట్ అయింది. తమిళనాడులో 12,525 గ్రామ పంచాయతీలను కలిపే బాధ్యత టాన్‌ఫినెట్ అనే ప్రభుత్వ సంస్థకు అప్పగించారు. పనులకు 2022లో శంకుస్థాపన జరిగింది. 2023 ఆగస్టులో కేంద్రం సవరించిన భారత్‌నెట్‌కు 1,39,579 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. అంకెలు పెద్దవే. కానీ పథకం మొదట చూసుకున్న గమ్యం పంచాయతీ ఆఫీసు. అక్కడి నుంచి ఇంటికి తీగ లాగడానికి ఎవరో ఒకరు పెట్టుబడి పెట్టాలి. వంద ఇళ్ల ఊరికి ఏ కేబుల్ ఆపరేటరు తొందరగా ముందుకొస్తాడు? ఆ చివరి కిలోమీటరు దగ్గరే కథ ఆగింది.

వేగం వేరు.. ఆలస్యం వేరు

కంపెనీల ప్రకటనల్లో కనబడేది ఎంబీపీఎస్ ఒక్కటే. అది రోడ్డు వెడల్పు లాంటిది. ఆటకు, మీటింగుకు కావలసింది బండి పోయి రావడానికి పట్టే సమయం. దాన్నే పిల్లలు ‘పింగ్’ అంటారు. జూమ్‌లో నలుగురైదుగురు కూర్చున్న మీటింగుకు బొమ్మ బాగా కనబడాలంటే 3 ఎంబీపీఎస్ లోపే సరిపోతుంది. ఆట నడుస్తున్నప్పుడు పోయే డేటా అంతకన్నా తక్కువ. (డబ్బు పందెం ఆటల మాట కాదిది. వాటిని 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టమే నిషేధించింది.)

ఫైబర్‌లో వెలుగు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఇక్కడి నుంచి చెన్నైకి సుమారు 550 కిలోమీటర్లు. పోయి రావడానికి పట్టేది 6 మిల్లీసెకన్ల లోపే. చాలా ఆటల సర్వర్లుండే ముంబైకి పోయి వచ్చినా దూరం వల్ల కలిగే ఆలస్యం కొద్దిపాటిదే. అసలు జాప్యం ఇంటికీ టవరుకూ మధ్య, టవరు దగ్గర క్యూలో జరుగుతోంది. రాత్రి ఎనిమిదికి ఊరంతా వీడియోలు పెట్టుకుంటే ఒకే టవరు అందరికీ వంతులు వేయాలి. అప్పుడు 40 ఉన్న పింగ్ 300కు పోతుంది. మళ్లీ 60కి దిగుతుంది. నిలకడగా 80 ఉన్నా ఆడుకోవచ్చు. ఈ ఎగుడుదిగుడుతోనే చిక్కు.

ఇంకో సంగతి. కొన్ని 4జీ బ్యాండ్లలో దిగే దారికి ఎక్కువ, ఎక్కే దారికి తక్కువ వాటా ఇస్తారు. సినిమా చక్కగా వస్తుంది, మీ ముఖం మాత్రం అవతలివాళ్లకు ముక్కలుగా కనబడుతుంది.

మిద్దె ఎక్కి చూస్తే..

ఏది కొనాలన్నది ముందు మిద్దె మీద తేలాలి. ఏ కంపెనీ టవరు ఎటు దిక్కున, ఎంత దూరంలో ఉందో చూడాలి. ట్రాయ్ 2024లో తెచ్చిన నిబంధనల ప్రకారం కంపెనీలు తమ సిగ్నల్ మ్యాపులను వెబ్‌సైట్లలో పెట్టాలి. షాపువాడి మాట కన్నా ఆ మ్యాపు నయం, మ్యాపు కన్నా సొంత పరీక్ష నయం.

5జీ టవరు దగ్గరగా, ఎదురుగా ఉంటే ఎయిర్‌ఫైబర్ తీసుకోవచ్చు. 2023లో నగరాల్లో మొదలై తర్వాత చిన్న ఊళ్లకు వచ్చిన సేవ ఇది. పేరులో ఫైబర్ ఉన్నా ఇంటికి వచ్చేది గాలి తరంగమే. 3300 మెగాహెర్ట్జ్ 5జీ తరంగం ఎక్కువ దూరం పోదు, గోడ దాటడానికీ ఇబ్బంది పడుతుంది. టవరు దూరమైతే 700, 900 లాంటి తక్కువ బ్యాండ్లే దిక్కు. అక్కడ సిమ్ వేసే 4జీ రౌటరు, మిద్దె మీద టవరు వైపు తిప్పిన బయటి యాంటెన్నా మేలు. ఫోను హాట్‌స్పాట్‌తో ఉద్యోగం నెట్టుకురావాలనుకోవడం దండగ.

ఈ సీమకు ఒక అదృష్టం ఉంది. నేల చదును, పెద్ద చెట్లు తక్కువ. ఫైబర్ ఉన్న చోటు నుంచి చిన్న డిష్‌తో 5 గిగాహెర్ట్జ్ రేడియో లింకు వేస్తే అడ్డం లేకుండా కొన్ని కిలోమీటర్లు వస్తుంది. ఈ బ్యాండుకు లైసెన్సు అక్కర్లేదని కేంద్రం 2018లోనే చెప్పింది. ఊళ్లో లైసెన్సున్న నెట్ ఆపరేటరు ఇలా ఇస్తానంటే ముందు అతన్నే అడగాలి. పింగ్ విషయంలో ఫైబర్‌కు దగ్గరగా వచ్చేది ఇదే.

ఉపగ్రహం మాటకొస్తే, పాతరకం డిష్ నెట్ ఆటకు పనికిరాదు. ఆ ఉపగ్రహం దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. ఒక్క జవాబు తిరిగి రావడానికే అర సెకను. స్టార్‌లింక్ ఉపగ్రహాలు అంతకన్నా చాలా తక్కువ ఎత్తులో తిరుగుతాయి కాబట్టి ఆ బాధ తక్కువ. 2025 జూన్‌లో దానికి టెలికాం శాఖ లైసెన్సు దొరికింది. అయినా దాన్ని నమ్ముకుని చేతిలో ఉన్న ఉద్యోగాన్ని వాయిదా వేయడం తెలివి కాదు.

నెల రోజుల సిమ్‌తో పరీక్ష

ఏడాది ప్లాను కట్టేముందు నెల రోజుల సిమ్ వేసి చూడటం మంచిది. మూడు రోజులు, ఉదయం పదికి ఒకసారి, రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య ఒకసారి, వంద పింగులు పంపాలి. సగటు చూసి మురిసిపోవద్దు. అన్నిటికన్నా పెద్ద అంకె ఎంత, ఎన్ని తిరిగి రాలేదు అన్నది చూడాలి. వందకు రెండు మూడు పోతుంటే మాట తెగడం ఖాయం. కంప్యూటరుకు వైఫై బదులు తీగ వేయాలి. ఇంట్లో టీవీ లాగే డేటాకు రౌటరులో హద్దు పెడితే మీటింగు ఊపిరి పీల్చుకుంటుంది.

రెండో కంపెనీ సిమ్ ఒకటి చేతిలో ఉండాలి. రెండూ ఒకే స్తంభం మీద కూర్చుంటే మాత్రం లాభం లేదు. కంపెనీలు టవర్లు పంచుకుంటాయి, ఒకటి పడితే రెండూ పడతాయి. 2023 డిసెంబరు వరదల్లో ఇదే జిల్లాలోని కాయల్‌పట్టణంలో ఒక్కరోజులో 95 సెంటీమీటర్ల వాన పడ్డప్పుడు కరెంటు, ఫోను రెండూ దెబ్బతిన్నాయి. రౌటరుకు చిన్న యూపీఎస్ ఉన్నా, టవరు బ్యాటరీ అయిపోతే చేసేదేం లేదు.

ఇక పంచాయతీ దాకా వచ్చి ఆగిన తీగ సంగతి. తమిళనాడులో జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 లాంటి రోజుల్లో గ్రామసభలు జరుగుతాయి. విళాత్తికుళం పట్టణ పంచాయతీ కాబట్టి అక్కడ ఈ సభ ఉండదు, చుట్టూ ఉన్న పల్లెల్లో ఉంటుంది. తాగునీరు, రోడ్డు అడిగినట్టే ఈ ఊళ్లకు ఫైబర్ ఎక్కడి దాకా వచ్చింది, ఇంటికి ఎప్పుడిస్తారు అని అర్జీ పెట్టి తీర్మానంలో రాయించుకోవచ్చు. ఎంత మంది కనెక్షను తీసుకుంటారో పేర్ల జాబితా జతచేస్తే కేబుల్ ఆపరేటరుకు కూడా లెక్క తెలుస్తుంది.