తడి చెత్తకు ధర ఎవరు కడతారు?

చెత్తకూ వాతావరణానికీ సంబంధం ఉందనగానే మనకు ప్లాస్టిక్ సీసా గుర్తొస్తుంది. దాన్ని ఏరి, కరిగించి, మళ్లీ వాడితే చాలన్నట్టు గోడల మీద నినాదాలు కనిపిస్తాయి. రీసైక్లింగ్ మేలు చిన్నదేం కాదు. తుక్కు అల్యూమినియంను కరిగించి వాడితే, ఖనిజం నుంచి కొత్తగా లోహం తీయడానికి పట్టే ఇంధనంలో దాదాపు 95 శాతం ఆదా అవుతుంది. కానీ ఈ పని మన ఊళ్లలో ఏ పథకమూ రాకముందు నుంచే నడుస్తోంది. పాత పేపర్లు, ఇనుప సామాన్లు కొనే బండి వీధిలోకి వస్తూనే ఉంది. చిత్తు ఏరుకునేవాళ్లు సీసాను వదలరు. వాళ్ల కష్టానికి గుర్తింపు లేకపోవచ్చు గానీ, ధర పలికే వస్తువు చాలావరకు తుక్కు కొట్టుకు చేరుతుంది.

చేరనిది ధర లేని సరుకే. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, వాడిన పూలు, పెళ్లి విస్తళ్లు. మన నగరాల చెత్తలో సుమారు సగం ఇదే. వాతావరణానికి ఎక్కువ చేటు చేసేదీ ఇదే.

గాలి ఆడని చోట ఆహారం కుళ్లితే మీథేన్ పుడుతుంది. 20 ఏళ్ల లెక్కలో చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కన్నా 80 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. అయితే గాలిలో దాని ఆయుష్షు సుమారు 12 ఏళ్లే. అందుకే దీన్ని ఆపితే ఫలితం మన తరంలోనే కనబడుతుంది. ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల బృందం ఐపీసీసీ లెక్కగట్టే పద్ధతిలో ఒక వివరం మన మున్సిపల్ కమిషనర్లంతా గమనించదగ్గది. 5 మీటర్ల లోపు గుట్టకు మీథేన్ గుణకం 0.4. అంతకన్నా లోతైతే 0.8. పద్ధతిగా అణచి, మట్టి కప్పిన ల్యాండ్‌ఫిల్‌కు 1. అంటే వాయువును లాగే గొట్టాలు లేకుండా గుట్టను ఎంత చక్కగా పేర్చితే అంత మీథేన్! హైదరాబాద్ శివారు జవహర్‌నగర్‌లోని పాత చెత్త గుట్టను కప్పడం చుట్టుపక్కల జనానికి అవసరమే. కానీ లోపల చేరిన తిండి ఏళ్ల తరబడి కుళ్లుతూనే ఉంటుంది. గొట్టాలు వేసినా వాయువంతా చిక్కదు.

కాల్చి కరెంటు తీస్తున్నాం కదా అంటారు. కాలిస్తే మీథేన్ పుట్టని మాట నిజమే. అయితే నీళ్లోడుతున్న తొక్కలు సరిగా మండవు. మంటకు బలమిచ్చేది ప్లాస్టిక్, అది పెట్రోలియం నుంచి వచ్చిన సరుకు. తడి చెత్తకు తగిన చోటు పొయ్యి కాదు, మూత బిగించిన ట్యాంకు. కుళ్లడం అక్కడా జరుగుతుంది గానీ వాయువు మన చేతికొస్తుంది. హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్లో, అక్కడి రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ పరిజ్ఞానంతో పెట్టిన ప్లాంటు రోజుకు 10 టన్నుల కూరగాయల వ్యర్థాలతో 500 యూనిట్ల కరెంటు, వంటకు గ్యాసు ఇచ్చేలా కట్టినది. ఇందోర్‌లో 2022లో మొదలైన ప్లాంటు సామర్థ్యం రోజుకు 550 టన్నులు. ఈ రెండింటికీ బలం యంత్రం ఒక్కటే కాదు, కలగాపులగం కాని చెత్త. గాజు పెంకులు, డైపర్లు కలిసి వస్తే ఏ ట్యాంకూ నడవదు.

మరి వేరుచేయడం ఎందుకు సాగదు? ఇళ్లలో శ్రద్ధ లేదని ఆడవాళ్లను తప్పుపట్టడం అలవాటైపోయింది. నాకు కనబడే కారణం కాంట్రాక్టులో ఉంది. గుట్టకు చేర్చిన ప్రతి టన్నుకూ ఇంత అని చెల్లించినంత కాలం బరువైన తడి చెత్త లాభమే. ఇంట్లో వేరుచేసిన రెండు బుట్టలూ వీధి చివర ఒకే లారీలో పడతాయి. అది చూసిన ఇల్లాలు మర్నాడు మళ్లీ వేరుచేస్తుందా? చెల్లింపు గుట్టకు చేరిన బరువుకు కాక, గుట్టకు పోకుండా ఎరువో గ్యాసో అయిన బరువుకు ఉండాలి. తుక్కుకు బజారు కట్టిన ధరను తడి చెత్తకు ప్రజాధనమే కట్టాలి.

మొదలుపెట్టాల్సింది రైతుబజార్లు, హోటళ్లు, ఫంక్షన్ హాళ్ల నుంచి. అక్కడ తడి చెత్త ఒకేచోట కుప్పగా దొరుకుతుంది. రోజుకు 100 కిలోలు దాటి చెత్త వచ్చేవాళ్లు తడి చెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే శుద్ధి చేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలే చెప్పాయి. ట్రేడ్ లైసెన్సు రెన్యువల్‌కు వచ్చినప్పుడు ఆ ఏర్పాటు చూపించమని అడగడానికి కొత్త చట్టం అక్కర్లేదు. వచ్చే ఏడాది రెన్యువల్స్ నుంచే అడగవచ్చు.